వరండాలో ఇంజను

జూన్ 3

ఖాయం. పెరట్లో పడున్న సామాన్ల బండిని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేస్తున్నాను. మా ఆయనకి కూడా చెప్పేశాను. ఇక దీని గురించి రాసేదేం లేదు.

జూన్ 4

రాసేదేం లేదన్నదాన్ని మళ్ళీ పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అంతా వదిన వల్ల.

మధ్యాహ్నం నేను గాజు సామాన్ల కొట్లో ఓ కూజాకి కాగితం చుడుతుంటే ఫోన్ చేసింది. హలో లేదు, ఎలా ఉన్నావ్ లేదు. "మీ అన్నయ్య ఊరు వదిలేద్దామంటున్నాడమ్మాయ్" అంది.

వదిన వాళ్ళ అక్కగారి ఊళ్ళో, ఆ అక్కగారి మొగుడి గోడౌన్‌లో, సరుకు వచ్చిందా పోయిందా చూసుకునే ఉద్యోగమట. ఉండడానికి వాళ్ళ మేడ మీద గది. నెలాఖరు ఆదివారం ప్రయాణమట.

"మంచిదేగా" అన్నాను.

"ఏం మంచి? మా అక్క నెత్తిన నేను కాపరం పెట్టాలా? కుళాయి కాస్త గట్టిగా తిప్పితే కింద నుంచి కేకలేస్తుంది అది. నాకు వెళ్ళాలని లేదు. ఆయనకీ లేదు. ఎవరెవరి లారీల మీదో సామాను ఎక్కించీ దించీ ప్రాణం విసిగిపోయి వెళ్తానంటున్నాడు. ఆ బండి ఒక్కటి కదిలితే..." అని ఆగింది. తర్వాత గొంతు తగ్గించి, "నేను చెప్పానని అనకు" అంది.

"ఎవరితో అంటాను? ఆయనగారితో నాకు మాటలున్నాయా?"

ఫోన్ పెట్టేసి చూసుకుంటే కాగితం కూజాకి కాదు, నా ఎడం చేతికి చుట్టేసి ఉంది. కొట్టు యజమానురాలు చూసి, ఇంటికెళ్ళి పడుకోమంది.

అన్నయ్య మూడు వీధుల అవతలే ఉంటాడు. రెండేళ్ళుగా మాటల్లేవు. మార్కెట్లో ఎదురైతే నేను ఉల్లిపాయలు చూస్తాను, తను ఆకాశం చూస్తాడు. వెళ్తే వెళ్ళనీ. ఆకాశం అక్కడా ఉంటుంది.

జూన్ 6

భోజనం దగ్గర మా ఆయన, "ఇంతకీ ఆ రోజు ఇల్లు తప్పింది మీ ఇద్దర్లో ఎవరు?" అని అడిగారు. రెండేళ్ళ తర్వాత అడగాల్సిన ప్రశ్నేనా ఇది! అన్నయ్యే అన్నాను. "సరే" అన్నారు. ఆ 'సరే' నాకు నచ్చలేదు. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

ఒక లెక్చరర్‌గారి కుటుంబం ఇల్లు మారుతోంది. ఇళ్ళు మారేవాళ్ళ సామాను చేరవెయ్యడమే అప్పట్లో నాదీ అన్నయ్యదీ పని. సామాను మొత్తం మా బండిలోకి ఎక్కించుకుని మేం ముందు బయల్దేరాం, వాళ్ళు తాపీగా వెనక వస్తామన్నారు. నడిపేది అన్నయ్య. పక్క సీట్లో చిరునామా పట్టుకున్నది నేను. ఒకచోట కొత్తగా రంగు వేసిన ఇల్లు, తలుపులు బార్లా తీసి ఉన్నాయి. బండి ఆగింది. ఆగింది కాబట్టి ఇల్లు ఇదే అనుకుని నేను దిగాను. నేను దిగాను కాబట్టి ఇల్లు ఇదే అనుకుని తను వెనక తలుపు తీశాడు. లోపలున్న రంగులవాళ్ళు, మేం సామానుతో వచ్చాం కాబట్టి ఇంటివాళ్ళం మేమే అనుకుని నిచ్చెన తీసుకుని వెళ్ళిపోయారు.

ఊరికే దించేసి పోయే రకం కాదు మేము. సర్ది మరీ ఇస్తాం. మంచం వేసి, దుప్పటి పరిచి, గిన్నెలు సైజులవారీగా పేర్చి, గడియారం గోడకి తగిలించి టైము సరిచేసి ఇస్తాం. మాకు పేరొచ్చిందే దానివల్ల. ఆ రోజు ఇంకా మనసుపెట్టి సర్దాం. సాయంత్రం ఆ ఇంటి అసలు యజమాని వచ్చి, తన ఖాళీ ఇంట్లో ఎవరివో పెళ్ళి ఫోటోలు చూసి, గుమ్మం బయటే చెప్పులు విప్పి, "లోపలికి రావచ్చా అండీ?" అని అడిగాడు పాపం. పక్క వీధిలో లెక్చరర్‌గారు పెళ్ళాం పిల్లలతో ఖాళీ ఇంట్లో గచ్చు మీద కూర్చుని మా కోసం చూస్తున్నారు.

అంతా మళ్ళీ ఎక్కించి, మళ్ళీ దించి, అందరిముందూ నవ్వులపాలయ్యాం. అప్పుడు అన్నాడు అన్నయ్య, లెక్చరర్‌గారి ఎదురుగా: "మా చెల్లికి చదవడం రాదండీ." నేను ఊరుకుంటానా? "మా అన్నయ్యకి ఆపడం రాదండీ" అన్నాను. దాని మీద తనొకటి, నేనొకటి. చివరికి "నీ బండి నువ్వే ఉంచుకో" అని తను, "నాకెందుకు, నీ బండే అది" అని నేను. తాళం నా చేతిలో ఉండబట్టి బండి నా పెరట్లోకి వచ్చింది. లేకపోతే అక్కడే నడివీధిలో ఉండేది.

ఇప్పుడు చెప్పండి, బండి ఆపింది ఎవరు? అన్నయ్య. మరి తప్పెవరిది? ఇందులో 'సరే' అనడానికి ఏముంది?

జూన్ 8

ఆదివారం. పాత ఇనుమువాడు వచ్చాడు. టార్పాలిన్ లాగి, ఓ పక్కకి వెళ్ళి, బండి టైరుని కాలితో తన్నాడు.

ఏమిటి ఆ తన్నడం? కొనేవాడివి కొను, తన్నడమెందుకు? అదే అడిగాను. "ఊరికే అమ్మా, చూద్దామని" అన్నాడు. చూడడానికి దేవుడు కళ్ళిచ్చాడు కదా అన్నాను. అటు నుంచి కిటికీ అద్దంలోంచి తొంగిచూసి, "లోపల పిల్లి పిల్లల్ని పెట్టింది" అన్నాడు, అదేదో నా తప్పయినట్టు. వాడు చెప్పిన ధర వింటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పంపించేశాను. ధర వల్లే. తన్నినందుకు కాదు.

మా ఆయన కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అమర్చే మనిషి. నా వంక అదోలా చూసి, "ఒకసారి మెకానిక్‌కి చూపిస్తే అసలు విలువెంతో తెలుస్తుందిగా" అన్నారు. అది నిజమే. అమ్మాలన్నా విలువ తెలిసుండాలి కదా. అంతకుమించి ఏం లేదు.

జూన్ 10

మెకానిక్‌కి ఫోన్ చేశాను. రేపు వస్తానన్నాడు. వీధిలో అందరూ ఆయన్ని 'రేపుగారు' అనే పిలుస్తారు, ఎదురుగా కూడా.

జూన్ 12

రేపుగారు ఇవాళ వచ్చాడు. పొద్దున వచ్చి బండి కిందకి దూరాడు, మధ్యాహ్నం దాకా కాళ్ళు మాత్రమే కనపడ్డాయి. టీ ఇస్తే చెయ్యి బయటికొచ్చి గ్లాసు లోపలికి పట్టుకుపోయింది.

బయటికొచ్చి చెప్పింది ఇది. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, గట్టిగా ఉంది. క్యాబిన్ ఫ్లోరు తుప్పు పట్టి పోయింది, మార్చాలి. వెనక సామాను పెట్టే డెక్ చెక్కల్ని చెద తినేసింది. ఇంజను దించి విప్పితే గానీ సంగతి తెలీదు. రెండేళ్ళు ఊరికే ఉంచినందుకు నన్ను ఓ పట్టాన వదల్లేదు. "ఇంత పని చేసిన బండిని ఇలా మూలన పడేస్తారా అమ్మా? రోజూ ఒకసారి స్టార్ట్ చేసి ఆపినా బాగుండేది కదా. మీ అన్నయ్యకి చెప్తే చేసేవాడుగా?"

"మా అన్నయ్య సంగతి ఎత్తొద్దు" అన్నాను.

"సరే. ఇంతకీ చెయ్యాలా వద్దా? చేస్తే పూర్తిగా చేయించండి, లేకపోతే ఇవాళే ఇనుముకి వేసెయ్యండి. సగం చేసి ఆపితే రెంటికీ చెడతారు."

ఆలోచించి చెప్తానన్నాను. ఏముంది ఆలోచించడానికి! చేయిస్తే గాజు కొట్టు మానెయ్యాలి. కొట్టు మానేసి బండితో నేనొక్కదాన్నే ఏం చేస్తాను? బీరువాకి రెండు వైపులుంటాయి. అవతలి వైపు ఎవరు పట్టుకుంటారు?

జూన్ 13

బండి కడిగాను. ఇనుము అమ్మినా మురికితో అమ్మితే మన పరువే పోతుంది.

పిల్లినీ పిల్లల్నీ అట్టపెట్టెలో వంటింటి వెనక్కి మార్చాను. వెంటనే మళ్ళీ ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని బండిలోకే తీసుకెళ్ళింది తల్లి. దానికున్న పట్టుదల చూసి ముచ్చటేసింది. సరే, సీటు తనదే అన్నాను.

జూన్ 15

వదిన ఫోన్.

"మీ అన్నయ్య అడగమన్నాడని కాదు గానీ, రేడియేటర్లో నీళ్ళు తీసేయించారా అని."

"ఇనుముకి వేసే బండికి నీళ్ళుంటే ఎంత, లేకపోతే ఎంత?"

వెనకనుంచి ఎవరో గొణిగారు. తర్వాత వదిన: "ఇనుముకి వేసేదానికి మెకానిక్ ఎందుకు వస్తున్నాడా అని... నాకే అనిపించిందిలే."

"ధర తెలుసుకోడానికి అని చెప్పు."

"ఎవరికి చెప్పను? ఇక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను."

అప్పుడే గట్టిగా దగ్గు వినపడింది. ఆ దగ్గు నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను.

"ఒక్కదానివే ఉన్నావుగా వదినా, మరి ఆ దగ్గుకి కాస్త వేడినీళ్ళు తాగు" అన్నాను. వదిన పకపకా నవ్వేసింది. దగ్గు ఆగిపోయింది.

నాకూ నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు నవ్వుకుంటూ గిన్నెలు తోమాను. అంతలో గుర్తొచ్చింది, ఇంకో రెండు ఆదివారాలే. అడిగితే పోయేదేముంది, "ఉండిపో అన్నయ్యా" అని? పోయేదేముందో నాకు తెలుసు. వద్దంటే? తను వద్దన్నాక ఇక నాకు కోపం కూడా మిగలదు. ఇప్పుడు కోపమైనా ఉంది.

తనే అడగొచ్చుగా. పెద్దవాడు తను.

జూన్ 17

రేపుగారు ఇంకో మనిషిని తెచ్చుకుని గొలుసు కప్పీ కట్టి ఇంజను దించాడు. విప్పితే గానీ ధర తెలీదన్నాడు కదా, అందుకని విప్పించాను. వాన పడేలా ఉందని పెరట్లోంచి తెచ్చి వరండాలో చెక్కల మీద పెట్టాడు.

వరండాలో ఇంజను. ఇక ఈ ఇంటికి ఎవరైనా వస్తే ఏం చెప్పుకోవాలో.

జూన్ 18

మా ఆయన తడి తువ్వాలు ఇంజను మీద ఆరేశారు. నేను తీయించాను. "ఇనుమేగా" అన్నారు.

జూన్ 19

రేపుగారు పిస్టన్లు తీసి పాత పేపరు మీద వరసగా పేర్చాడు. రింగులు అరిగిపోయాయట గానీ బ్లాకు బంగారంలా ఉందట. నాకు ఇంజన్ల గురించి తెలిసింది తక్కువే గానీ ఆ మాట వింటే మాత్రం ఒళ్ళు పొంగింది. సాయంత్రం కొట్టు నుంచి వచ్చి, బట్టలైనా మార్చుకోకుండా, కిరోసిన్ గుడ్డతో నట్లూ బోల్టులూ తుడిచి డబ్బాల్లో వేశాను. పెద్దవి ఒక డబ్బా, చిన్నవి ఒక డబ్బా.

మధ్యలో వదినకి ఫోన్ చేసి, "నేను అడిగానని కాదు గానీ, స్టెప్నీ టైరు మీ ఇంట్లోనే ఉండిపోయిందా?" అన్నాను. "మంచం కింద ఉంది" అంది వదిన. "దాని మీద పెట్టెలు పెట్టుకున్నాం. ఎందుకు?" ఊరికే అన్నాను.

జూన్ 21

పొద్దున్నే లేచి తలుపు తీస్తే, గేటుకి ఆనించి స్టెప్నీ టైరు ఉంది. మనిషి లేడు.

మా ఆయన చూశారట కిటికీలోంచి. అన్నయ్యే. మూడు వీధులూ చేత్తో దొర్లించుకుంటూ వచ్చాడట. గేటుకి ఆనించి, వంగి పెరటివైపు ఓసారి చూసి, వెళ్ళిపోయాడట. పిలవొచ్చుగా అన్నాను. "నేను పిలిచేదేముంది, నువ్వు పిలవాలి గానీ" అన్నారు.

నాకు అర్థమైంది. బండిలో ఒక్క ముక్క కూడా తన ఇంట్లో ఉండకూడదు. నీది నీకు, నాది నాకు. వెళ్ళేముందు లెక్క తేల్చుకుని పోవాలి. అంతేగా! సరే. అలాగే.

"టైరుకి గాలి కొట్టించి ఉంది చూశావా?" అన్నారు మా ఆయన. "వదిలించుకునేవాడు గాలి ఎందుకు కొట్టిస్తాడు?"

"దొర్లించడానికి" అన్నాను. "గాలి లేకపోతే దొర్లుతుందా?"

"నీతో మాట్లాడడం నావల్ల కాదు" అని షాపుకి వెళ్ళిపోయారు. ఇనుమువాడికి ఫోన్ చేశాను. మంగళవారం వస్తానన్నాడు. ఈసారి నిజంగా ఖాయం.

అదే రోజు, సాయంత్రం

టైరు కడిగాను కూడా. ఎందుకో.

జూన్ 24

ఇనుమువాడు బండిని లాక్కెళ్ళడానికి ట్రాక్టరు తెచ్చుకుని వచ్చాడు. ధర కూడా పెంచాడు. వాడి తప్పేం లేదు ఈసారి. దేన్నీ తన్నలేదు. నమస్కారం కూడా పెట్టాడు.

"తాళం పోయిందయ్యా" అన్నాను.

"తాళంతో పనేముందమ్మా, గొలుసు వేసి లాగేస్తాను."

"ఇంజను బయట ఉంది."

"ట్రాక్టర్లో వేసుకుంటాను."

"పిల్లి ఉంది."

నా మొహంలోకి చూశాడు. వాడు ఊరికే ఇనుము కొనే మనిషి కాదు, మనుషుల్ని చూసిన మనిషి. "అమ్మా, మీరు దీన్ని అమ్మరు" అన్నాడు. "నన్నెందుకు తిప్పుతారు? ఇలాంటివాళ్ళు నాకు నెలకి ఇద్దరు ముగ్గురు తగులుతారు. బాగుచేయించుకోండి. హాయిగా ఉంటుంది." టీ తాగి వెళ్ళాడు. ట్రాక్టరు ఊరికే తిరిగినందుకు డబ్బులిస్తానంటే తీసుకోలేదు.

తాళం నా కొంగు ముడిలోనే ఉంది. కొట్టుకెళ్ళేటప్పుడు కూడా కొంగుకే కట్టుకుని వెళ్తాను. బరువుగా బావుంటుంది.

జూన్ 26

వదిన ఫోన్ చేసి ఏడ్చింది. ఎప్పుడూ ఏడ్చే మనిషి కాదు.

"ఆదివారం పొద్దున్నకి లారీ మాట్లాడేశాడు. ఏదో కంపెనీ వాళ్ళట, టోపీలూ యూనిఫారాలూ వేసుకుంటారట."

"వేరేవాళ్ళు ఎక్కిస్తారా అన్నయ్య సామాను?" అన్నాను.

"మరి ఎవరెక్కిస్తారు?" అంది వదిన.

మా ఆయన అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఒక్క మాట అడుగు. ఉండమని. కాదంటే కాదంటాడు" అన్నారు.

"కాదంటే నేను ఉండలేను" అన్నాను. అనేశాక నేనే ఉలిక్కిపడ్డాను. రెండేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ కూడా రాసుకోలేదు. తను లేకుండా నాకు ఏ పనీ పనిలా లేదు. గాజు కూజాలకి కాగితాలు చుట్టుకుంటూ, ఎవరూ ఏమీ అనని కొట్లో, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్క పోట్లాటైనా లేకుండా బతుకుతున్నాను. ఇదేం బతుకు!

జూన్ 27

రేపుగారు: "రింగులు తెచ్చాను. బిగించమంటారా? బిగిస్తే ఇక వెనక్కి లేదు. ఆ తర్వాత ఫ్లోరు, ఆ తర్వాత చెక్కలు."

సోమవారం చెప్తానన్నాను. ఆదివారం తర్వాత అయితే, చెప్పడానికేం ఉండదు కదా. తేలిగ్గా ఉంటుంది.

జూన్ 28

రేపు వెళ్ళను.

జూన్ 29

వెళ్ళను అని రాశాను. వెళ్ళాను.

వదిన పెద్ద గిన్నె మన ఇంట్లో ఉండిపోయింది, అది లేకపోతే అక్కడ ఇబ్బంది పడుతుంది అని మా ఆయనకి చెప్పి బయల్దేరాను. గిన్నె మాదే. వదినది పోయిన ఏడాదే తిరిగిచ్చేశాను. ఆ సంగతి మా ఆయనకి కూడా తెలుసు. "జాగ్రత్తగా ఇచ్చి రా" అన్నారు, నవ్వకుండా.

వీధి మలుపు తిరిగేసరికి లారీ కనపడింది. ఇద్దరు టోపీలవాళ్ళు బీరువాని అరలతో సహా నిలువుగా పట్టుకుని గుమ్మంలో ఇరుక్కుని ఉన్నారు. వదిన నిలువుటద్దం లారీలో వెల్లకిలా పడుకోబెట్టి ఉంది, దాని మీద పెట్టెలు! అద్దాన్ని ఎవరైనా పడుకోబెడతారా?

"ఆగండి!" అని అరిచాను. లోపలినుంచి కూడా అప్పుడే "ఆగండి!" అని కేక. అన్నయ్య. టోపీలవాళ్ళు ఇటు నన్నూ అటు తననూ చూసి, బీరువా కింద పెట్టేశారు.

"అద్దం పడుకోబెట్టారేంటి?" అన్నాను నేను.

"అరలు తియ్యకుండా మోస్తారేంటి?" అన్నాడు అన్నయ్య.

గిన్నె వదిన చేతిలో పెట్టి లారీ ఎక్కాను. ఎవరూ ఎక్కమనలేదు, ఎవరూ వద్దనలేదు. పెట్టెలు తీసి అద్దం నిలబెట్టి, రెండు పరుపుల మధ్యకి తోశాను. అప్పటికి అన్నయ్య అరలు తీసేసి బీరువాని ఓ పక్కకి వంచి ఉంచాడు. దిగి వెళ్ళి అవతలి వైపు పట్టుకున్నాను.

ఈ పనిలో ఒక పద్ధతుంది. బరువు చేతిలో ఉన్నప్పుడు ఇద్దరు మాట్లాడకూడదు. ఒకడు 'ఎత్తు' అని ఇంకొకడు 'ఉండు' అంటే వేళ్ళు నలుగుతాయి. ఎప్పుడూ ఒక్క గొంతే ఉండాలి. మాలో ఆ గొంతు మొదట్నుంచీ అన్నయ్యదే. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా 'ఎత్తు' అనలేదు, 'దించు' అనలేదు.

"ఎత్తు" అన్నాడు.

రెండేళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఎత్తాను. "తిప్పు" అన్నాడు, తిప్పాను. "నీ వైపు మెల్లిగా, మెట్టుంది" అన్నాడు. మెట్టుందని నాకు తెలుసు. అయినా చెప్పాడు. ఎంత హాయిగా ఉందో రాయలేను. బీరువా, మంచం, వదిన టేబులు, సందుల్లో మెత్తటివి, పైన తేలికవి, ఎక్కడా వేలు దూరే ఖాళీ లేకుండా పేర్చుకుంటూ పోయాం. టోపీలవాళ్ళు టోపీలు తీసేసి గోడమీద కూర్చుని చూస్తున్నారు. చివరికి కుట్టు మిషను ఎక్కించి, అన్నయ్య తాడు బిగించి ముడి వేశాడు.

"మీ ఇద్దరూ మా కంపెనీలో చేరకూడదూ?" అన్నాడు ఒకడు.

అన్నయ్య నవ్వాడు. నేనూ నవ్వాను. ఒకరి మొహం ఒకరం చూసుకుని, ఇద్దరం ఒకేసారి నవ్వు ఆపేశాం.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. నా చేతులతో నేనే మా అన్నయ్యని ఊరు దాటించేలా సర్దేశాను. ఎంత బాగా సర్దానంటే, దారిలో ఒక్క చెంచా కూడా చప్పుడు చెయ్యదు.

డ్రైవరు ఎక్కి కూర్చున్నాడు. వదిన ఇంటికి తాళం వేసి, చంకలో నా గిన్నెతో నిలబడి, నా వైపు చూసింది. ఆ చూపుకి గిన్నె నా నెత్తిన వేస్తుందేమో అనుకున్నాను. అన్నయ్య చేతులు దులుపుకుని, లారీ వైపు చూస్తూ, "సరే మరి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలీదు.

"దించు" అన్నాను.

"ఏంటి?"

"దించెయ్ అన్నయ్యా. అన్నీ. మంచం, బీరువా, అద్దం, మొత్తం దించెయ్."

"పిచ్చి గానీ పట్టిందా నీకు? ఇప్పుడేగా ఎక్కించాం? తాడు కట్టకముందు ఏం చేస్తున్నావ్?"

"భయపడుతున్నాను" అన్నాను. "నువ్వు వద్దంటావని. బండి బాగుచేయిస్తున్నాను. అమ్మడానికి కాదు. ఇంజను విప్పి వరండాలో పెట్టించాను, రింగులు కూడా వచ్చాయి. బిగించమని చెప్తే చాలు. కానీ నువ్వు పోతే నాకెందుకు అది? గాజు కొట్లో నాతో ఎవరూ పోట్లాడరు. నువ్వు లేకపోతే నాకు బాగాలేదు అన్నయ్యా. వెళ్ళొద్దు."

నడివీధిలో, డ్రైవరు ముందు, టోపీలవాళ్ళ ముందు, భోరున ఏడ్చాను. రాసుకోడానికి సిగ్గేమీ లేదు. వదిన మాత్రం నా ఏడుపు అయ్యేదాకా ఆగలేదు. గబగబా వెనక్కి వెళ్ళి ఇంటి తాళం తీసేసింది.

అన్నయ్య తాడు దగ్గరికి వెళ్ళి, తను వేసిన ముడిని తనే విప్పడం మొదలెట్టాడు. గట్టి ముడి. గోళ్ళతో రాలేదు, పంటితో లాగాడు. "టైరుకి గాలి కొట్టించి మరీ తెచ్చి గేటు దగ్గర పెట్టాను" అన్నాడు, పంటి కింద తాడుతోనే. "అంతకన్నా ఎలా అడుగుతారే మనిషిని?"

"నోటితో" అంది వదిన గుమ్మంలోంచి.

డ్రైవరు ఇంజను ఆపి, "వచ్చినందుకు డబ్బులివ్వాలి, చెప్తున్నా" అన్నాడు. ఇస్తాంలే అన్నాం ఇద్దరం. ముడి వచ్చింది. అన్నయ్య లారీ ఎక్కి కుట్టు మిషనుకి అవతలి వైపు పట్టుకుని, వంగి, అలాగే ఆగాడు. నేను ఇవతల పట్టుకుని తన మాట కోసం చూస్తున్నాను. ఏమీ అనడే!

"చెప్పవే" అన్నాడు.

"నేనా?"

"దించమన్నది నువ్వేగా? నువ్వే చెప్పు. నేను వింటాను."

వదినా, టోపీలవాళ్ళూ, అందరూ నా వైపే చూస్తున్నారు. అన్నయ్య బరువు మీద చేతులు వేసి, తల వంచుకుని ఎదురుచూస్తున్నాడు.

"ఎత్తు" అన్నాను.

ఎత్తాడు.